తలుపు తీయడం తప్పే అంటాను

చెల్లె గంగామణికి దీవెనలు. నేను లచ్చవ్వను. డెబ్బై దాటినదాన్ని, మొగుడు పోయినదాన్ని, నిజామాబాదులో కొడుకు ఇంట్లో ఉంటున్నాను. ఇంట్లో కొడుకు రాజేశం, కోడలు సుజాత, నేను, అంతే. నాకు అక్షరం రాదని నీకు తెలుసు. పక్కింటి దర్జీ ఖాసీం భాయి రాస్తున్నాడు. చెప్పింది చెప్పినట్టే రాస్తానని ఆయనతో ఒట్టు పెట్టించుకున్నాను.

బోధన్‌లో మీరంతా ఎట్లున్నారు? నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను. తిండికి లోటు లేదు. ఎండలు ముదిరాయి, ఈ స్లాబు కింద ఒళ్లు ఉడికిపోతుంటే కూలర్ పెట్టారు. మన బోధన్ చెరుకు లారీల చప్పుడుకు అలవాటు పడిన చెవులు కదా, ఇక్కడ నిద్ర పట్టదు. కోడలు చేసే జొన్న రొట్టె అప్పడంలా ఉంటుంది. అయినా బాగానే ఉన్నాను, రంది పెట్టుకోకు.

ఇక నా ఫిర్యాదు విను.

మొన్నొక ఆదివారం ముగ్గురం ముందుగదిలో సినిమా చూశాం. అందులో మొగుడు దుబాయి పోయి పెళ్లాన్ని మరిచిపోతాడు. ఏళ్ల తర్వాత రోగంతో తిరిగొచ్చి తలుపు కొడతాడు. ఆమె తలుపు తీసి, కాళ్లు కడిగి, లోపలికి తీసుకుపోతుంది. సుజాత కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నాకు మండింది.

"తలుపెందుకు తీసింది? సిగ్గు లేదా దానికి?" అన్నాను.

"నీకు నచ్చకుంటే పోనీ అత్తమ్మ."

"పోనీ అంటే ఎట్ల? నువ్వెందుకు ఏడ్చినవో చెప్పు."

"ఎవలిష్టం వాళ్లది," అని వంటింట్లోకి పోయింది.

నేను ఊరుకోలేదు. వంటింటి గడప దాకా పోయి అడిగాను. వారం తిరగకముందే రాజేశం ఒక చిన్న టీవీ తెచ్చి నా గదిలో గోడకు బిగించాడు. "అవ్వా, గిప్పుడు నీ సినిమా నువ్వు సూస్కో. ఎవ్వలతోని లొల్లి ఉండది," అన్నాడు. చూసినవాళ్లంతా ఎంత మంచి కొడుకు అంటున్నారు. రోగమొచ్చిన గొడ్డును వేరే కొట్టంలో కట్టేస్తారు చూడు గంగామణీ, అట్లుంది నాకు.

మన వాడకట్టు అరుగు మీద చాటలు ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టేటప్పుడు సినిమా మీద కొట్లాడని రోజుందా? అరిచినంత మాత్రాన గెలిచినట్టు కాదు. చెప్పడానికి మాట లేక ఆగిపోయినవాళ్లు ఓడినట్టు. ఓడినవాళ్లు గెలిచినవాళ్ల తునికాకు కత్తిరించి ఇవ్వాలి. నీ ఆకు నేనెంత కత్తిరించాను, నా ఆకు నువ్వెంత కత్తిరించావు! అయినా అన్నం ఒక్క గిన్నెలోనే తిన్నాం.

నీ మొగుడు మస్కట్‌లో ఉన్నప్పుడు ఉత్తరాలు ఆగిపోయిన సంగతి నువ్వు ఎవరికీ చెప్పలేదు. ఎట్లున్నావంటే బాగున్నాననేదానివి. అప్పుడే ఏదో సినిమాలో ఇల్లు విడిచిపోయిన మొగుడి పక్షాన నువ్వొక్కదానివే నిలబడి, "ఆయనకేం కష్టమొచ్చిందో మీకెర్కనా?" అని కత్తెర విసిరికొట్టావు. నీ కడుపులో ఏముందో నాకు ఆ పూట తెలిసింది.

అట్లాంటి నువ్వు, నేను మొన్న ఫోన్‌లో ఈ సంగతంతా చెబితే ఏమన్నావు? "నువ్వన్నదే నిజం అక్క. గీ వయసుల మనకెందుకు లొల్లి?" అన్నావు. కోడలి మాట కన్నా నీ మాటే నన్ను కాల్చింది. నీ మొగుడు తిరిగొచ్చిననాడు నువ్వు తలుపు తీశావు కదే! మరి నేనన్నది నిజమెట్లా అయింది? ముసలిదాన్నని నా నోట్లో చక్కెర పోస్తున్నావా?

ఇక్కడ ఖాసీం భాయి రాయడం ఆపాడు. "బీమారున్న మనిషిని బయట నిలవెట్టుడు ఇన్సాఫా, న్యాయమేనా లచ్చవ్వా?"

"ఇన్నేండ్లు ఆమెను ఒంటిగ ఇడిసిపెట్టిండు గదా భాయి, గప్పుడేడ వోయింది నీ ఇన్సాఫ్?"

"అయితే మంచిగైనంక ఎల్లగొట్టాలె."

"గది జర నయం," అన్నాను. ఈ ఊరికొచ్చాక మాటకు మాట దొరకడం నాకు ఇదే మొదటిసారి.

ఇటు ఎవరైనా వస్తుంటే జొన్నపిండి పంపు. ఆ టీవీని నేను ముట్టుకోలేదు, ముట్టుకోను. మీ ఇంట్లో ఉన్న చిన్నమ్మ పాదాలకు నా దండం చెప్పి, ఆమె దీవెన నాకు పంపు. జవాబులో నాది తప్పని రాయించు. ఎందుకు తప్పో కూడా రాయించు. ఒప్పుకుంటూ రాయిస్తే నేను చదివించుకోను.

ఖాసీం భాయి ఇంతవరకు చదివి వినిపిస్తుంటే, చాయ్ తెచ్చిన సుజాత గుమ్మంలో నిలబడి వింది. సాక్షి సంతకం పెట్టమంటే పెట్టనన్నది.

"అన్నీ నీ దిక్కు నుంచే రాయించినవు అత్తమ్మ. నువ్వు సినిమాను తిట్టవు, సూసి ఏడ్చినోళ్లను తిడ్తవు. మా అమ్మ ఫోన్ల ఇంటుండంగ నాకు బుద్ధి లేదన్నవు. గది రాయించినవా?"

"గది గూడ రాయి భాయి," అన్నాను. ఈ మాట ఆ ఆదివారమే నా మొహం మీద అని ఉంటే, టీవీ కోసం ఆ గోడకు మేకులు కొట్టే పని ఉండేది కాదు.

లచ్చవ్వ ఎడమ చేతి బొటనవేలి ముద్ర

సాక్షి: ఖాసీం, దర్జీ. రాసింది నేనే. తలుపు సంగతిలో ఈమె మాట ఒప్పుకోను.

రెండో సాక్షి: సుజాత, కోడలు. సంతకం పెట్టలేదు. ఇంకా మాట్లాడుతోంది.