తోలు అట్టల ఓడలు

తిరుపతి

నా కోదండానికి,

ఫోన్ చేస్తే నీ గొంతు వినగానే మనసు మార్చుకుంటానని ఉత్తరం రాస్తున్నాను. మా నాయనకు మోకాళ్లు సహకరించడం లేదు. వడమాలపేట దగ్గర మా ఊళ్లో పెరుమాళ్ల అర్చకత్వం ఇక నాదే. ఆఫీసు ఉద్యోగం వదిలేసి వచ్చే నెల వెళ్లిపోతున్నాను. అందుకు సంతోషమే. బాధంతా పుస్తకాల గురించి.

అర్చకుడు సముద్రం దాటకూడదన్నది మా ఇంటి ఆచారం. నేను పుస్తకాల్లోనే దాటాను కనుక ఎవరూ ఏమీ అనలేదు. కానీ నా పాత ఓడ ప్రయాణాల పుస్తకాలన్నీ తోలు అట్టలవి. అమ్మను అడిగి చూశాను. "చదువుకో నాయనా, ఎవురొద్దన్నారు? ఆ తోలు మాత్రం ఈ ఇంట్లోకి రాకూడదు" అంది.

మీ మగ్గాలకు నూలు కోసం చెన్నై వెళ్లినప్పుడల్లా నువ్వు ఫుట్‌పాత్‌ల మీద వెతికేవాడివి. అట్ట మీద బంగారు రంగు ఓడ కనిపిస్తే చాలు, నూలు మూటలో పెట్టి తెచ్చేవాడివి. మడతలు విప్పితే మంచమంతా పరుచుకునే పటాలు, ఎవరో దొర పెన్సిలుతో రాసుకున్న గాలి దిక్కులు, ఆ పాత కాగితం వాసన... ఇంత సుఖం నీవల్లే దొరికింది.

అన్నీ పెట్టెల్లో సర్ది పంపుతున్నాను. ఆ అట్టలు చూసి కొనేవాళ్లు చెన్నైలో ఉన్నారు. అమ్మేసెయ్. ఎవరు కొన్నారో నాకు చెప్పకు.

నీ
రామానుజ

*

నగరి

రామానుజ సామికి కోదండం దండాలు.

పెట్టెలు అందాయి. నువ్వు చెప్పిన పని చేయలేదు, తిట్టుకో. మీ అమ్మగారికి ఫోన్ చేసి, తోలు తీసేస్తే పుస్తకాలకు అభ్యంతరం లేదు కదా అని అడిగాను. లేదన్నారు. అన్నీ చిత్తూరు మోసుకెళ్లి బైండింగు మునిరత్నం ముందు దించాను.

ఆయన తల పట్టుకున్నాడు. "ఇంత మంచి తోలు పీకేస్తే వీటికి ఇంక విలువ యాడుంటాదప్పా? ఒక్కడన్నా కొంటాడా?"

"ఎవురూ కొనకూడదనే కదప్పా తెచ్చినాను!" అన్నాను.

మా మగ్గం మీద నేసిన మందం గుడ్డతో కొత్త అట్టలు వేయించాను. అతికించింది మైదా జిగురుతోనే, జంతువుల జిగురు కాదు, పక్కన కూర్చుని చూశాను. ఇప్పుడివి చదవడానికి తప్ప దేనికీ పనికిరావు. తోలు అట్టలు నా దగ్గర బీరువాలో ఉన్నాయి. బంగారు ఓడలు చూడాలనిపిస్తే మా ఇంటికి రా.

ఇంకో సంగతి. పోయినసారి మా ఇంటికి వచ్చినప్పుడు మగ్గాల మోతలో గొంతు చించుకుని ఒంటరి నావికుడి కథ చెబుతూ, వాణ్ణి తుఫానులో వదిలేసి పోయావు. వాడు ఒడ్డెక్కాడో లేదో తెలియకుండా ఈ పుస్తకాలు ఎవడికో ఎట్లా అమ్ముతాను?

నీ
కోదండం

*

వడమాలపేట

కోదండం అప్పా,

పుస్తకాలు నిన్న వచ్చాయి. దాచడమెందుకు, మూట విప్పగానే నీ మీద ఒళ్లు మండిపోయింది. ఒక్క ఓడ లేదు, అన్నీ ఒకే తెల్లగుడ్డలో ఉన్నాయి. ఏది ఏ పుస్తకమో గుర్తుపట్టలేక అరుగు మీదే కూర్చున్నాను.

అమ్మ వచ్చి ఒక పుస్తకాన్ని చేత్తో తడిమింది. "నగరి గుడ్డ, బాగుండాది" అని తనే ఒక్కొక్కటీ లోపలికి మోసుకెళ్లి, మా పారాయణ పుస్తకాల పక్కన సర్దింది. సాయంత్రం ఆరాధన ముగించుకుని వచ్చి ఒకటి తెరిచాను. అవే పటాలు, అవే గాలి దిక్కులు. నీ మీద కోపం ఎప్పుడు పోయిందో తెలియదు. ఇంత మేలు నాకు ఎవరూ చేయలేదు.

ఆ నావికుడు ఏమయ్యాడో ఉత్తరంలో రాయను. ఆదివారం నువ్వే రా. ఇక్కడ మగ్గాలు లేవు, తుఫానైనా మెల్లగా చెప్పుకోవచ్చు. అమ్మ మాత్రం, నువ్వు వచ్చేదాకా ఆగలేక, వాడు ఒడ్డెక్కాడా లేదా అని పొద్దుటినుంచి నన్ను పీక్కు తింటోంది. ఆమెకూ చెప్పలేదు.

నీ
రామానుజ