దోసెల బియ్యం

1998 ఆగస్టు 9, ఆదివారం

ఇది పోయినేడాది డైరీ. ఆఫీసులో ఎవరూ తీసుకోక మిగిలిపోయింది. వారాలు కొట్టేసి దిద్దుకుంటున్నాను. కొత్తదానికి నలభై రూపాయలు పెట్టడానికి మా ఆవిడ ప్రసూన బడ్జెట్‌లో చోటు లేదు.

ఇవాళ పేపర్లో పేజీ నిండా పొదుపు చిట్కాలు. కుక్కర్ రెండో కూతకే దించండి. అరిగిన సబ్బు ముక్కని కొత్త సబ్బుకి అంటించండి. రాసినావిడ ఫోటో కూడా వేశారు, మెడలో నాలుగు పేటల గొలుసు. సబ్బు ధర పెంచేది ఒకరు, ముక్కలు అంటించుకోమని సలహా ఇచ్చేది ఇంకొకరు. ఇద్దరినీ పోషించేది సబ్బు కొనేవాడే. పొదుపు సద్గుణం అని ఎవరన్నారు? జీతం తక్కువైనవాడి మీద వేసే ఇంకో పన్ను అది. దీని మీద కరపత్రం రాయాలి.

ప్రసూన మాత్రం ఆ పేజీ కత్తిరించి దాచుకుంది. ఊరికి దూరమైతే చవక అని శంషాబాద్‌లో ఈ రెండు గదుల ఇల్లు కట్టుకున్నాం. లోను కింద నా జీతంలో మూడో వంతు పోతోంది. అప్పట్నుంచీ డబ్బు పెత్తనం మా ఆవిడదే. ఒకసారికి ఒకటే ట్యూబ్‌లైటు. కూరగాయలు అంగడి ఎత్తేసే ముందు, కుప్పలు పోసి అమ్మేటప్పుడే. పేపరు పక్కింటివాళ్లతో సగం సగం, వాళ్లు చదివాక మాకు. అమ్మాయి సంయుక్త పాత నోటుబుక్కుల్లో మిగిలిన తెల్ల కాగితాలు కుడితే నాకు రఫ్ పుస్తకం.

ఆదివారం దోసెలు మాత్రం ఆపలేదు. ఎర్రగా, అంచులు కరకరలాడుతూ. ఆరు తిన్నాను. ఈ ధరల్లో ఎలా చేస్తున్నావని అడిగితే, అంతా బియ్యాన్ని బట్టి ఉంటుందంది.

ఆగస్టు 12, బుధవారం

బస్సు ఒక స్టేజి ముందే దిగి నడిచాను. రూపాయి మిగిలింది. హైవే మీద రెండు కిలోమీటర్లు లారీల దుమ్ము మింగాను. దగ్గు మందు పద్నాలుగు రూపాయలు.

ఆగస్టు 22, శనివారం, మధ్యాహ్నం 12

రేషన్ షాపు. మాది గులాబీ కార్డు, పంచదారకీ కిరోసిన్‌కీ తప్ప పనికిరాదు. చవక బియ్యం తెల్ల కార్డు వాళ్లకే. రెండు రూపాయలున్న కిలో మూడున్నర చేశారు. అయినా బయట పదకొండు కాబట్టి, పొద్దున్నుంచి ముప్పై మంది ఆడవాళ్లు ఎండలో నిలబడ్డారు. మా ఇంట్లో గిన్నెలు తోమే లింగమ్మ కూడా ఉంది. డీలరు బుచ్చయ్య స్టాకు రాలేదన్నాడు.

షాపు వెనక్కి వెళ్లి చూశాను. ఆటో ట్రాలీలోకి బస్తాలు ఎక్కుతున్నాయి. పద్నాలుగు. ఎక్కడికయ్యా అంటే ట్రాలీవాడు కాటేదాన్ మిల్లుల వైపు చెయ్యి చూపించాడు. ఇంతలో బుచ్చయ్య వచ్చి, సారుకి ఏమన్నా కావాలా అని అడిగాడు. చాలా మర్యాదగా.

అదే రోజు, సాయంత్రం 5

ఎమ్మార్వోకి పిటిషన్ రాశాను, వినియోగదారుల సంఘం కార్యదర్శి హోదాలో. సంఘంలో పదకొండు మందిమి, మీటింగుకి వచ్చేది ముగ్గురం. అయితేనేం. జిరాక్స్ షాపు వీరేందర్ ఇల్లిల్లూ తిరిగి నలభై మూడు సంతకాలు పట్టుకొచ్చాడు. ఈ ఊరి రైతుబిడ్డ, నా మాటంటే గురి.

మూడో పేరాలో ఒక వాక్యం బాగా కుదిరింది. "డీలరు మొదలుకొని, పేదవాడి కంచంలోంచి తీసుకుని తింటున్న ప్రతి ఒక్కరి పేరూ బయటపెట్టాలి." ప్రసూనకి చదివి వినిపించాను. పోపు మాడుతోందని లోపలికి వెళ్లింది.

సెప్టెంబర్ 6, ఆదివారం

పిటిషన్‌ని ఉత్తరంగా మార్చి పంపితే పేపర్లో వేశారు. ఆ వాక్యం కొట్టేయలేదు. ఆఫీసులో చూపించడానికి కత్తిరించాను. పక్కింటివాళ్ల సగం కూడా కత్తిరించినట్టయింది, గొడవ చేశారు.

సెప్టెంబర్ 21, సోమవారం

ఎంక్వయిరీ వేశారు.

అక్టోబర్ 6, మంగళవారం

ఉల్లిపాయలు కిలో నలభై. ఉల్లి లేకుండా వండుకునే పద్ధతులు అంటూ పేపర్లో మళ్లీ ఆ నాలుగు పేటల గొలుసావిడే. రేపు బియ్యం లేకుండా అన్నం వండే పద్ధతి కూడా చెబుతుంది.

అక్టోబర్ 13, మంగళవారం, సాయంత్రం 6

నెమ్మదిగా, వరసగా రాయాలి.

పొద్దున ఎంక్వయిరీకి ఆఫీసరు వచ్చాడట. బుచ్చయ్య దగ్గర స్టాకు కాగితాలు అన్నీ సరిగ్గా ఉన్నాయట, ఎందుకుండవు? పైగా అతను చెప్పినదేమిటంటే, బియ్యం బయటికి పోతున్న మాట నిజమే, కానీ షాపులోంచి కాదు, కార్డువాళ్లే తీసుకెళ్లి అమ్ముకుంటున్నారు అని. తొమ్మిది పేర్లు ఇచ్చాడు. ఆ తొమ్మిది కార్డులూ అక్కడికక్కడే లాగేసుకున్నారు. పద్నాలుగు బస్తాల మీద కేసు పెడితే తొమ్మిది మంది ఆడవాళ్ల మీద పడింది. అందులో లింగమ్మ ఒకతి.

బస్సు దిగి వచ్చేసరికి ఇదంతా ప్రసూన చెప్పింది. నేను వెంటనే రెండో పిటిషన్‌కి కాగితం తీశాను. లింగమ్మ బియ్యం అమ్మిందనడానికి రుజువేదీ, ఏ బలిసినవాడు కొన్నాడో వాడి పేరు చెప్పమనండి అని గట్టిగానే అన్నాను.

"ఇక్కడే కొన్నాం. మీరు తిన్న దోసెలు ఏ బియ్యమనుకున్నారు?" అంది ప్రసూన.

రెండేళ్లుగానట. నెలకి పది కిలోలు, కిలో ఆరు రూపాయలు. దోసెలకి, ఇడ్లీకి ఆ దొడ్డు బియ్యమే బాగా నానుతుందట, బాగా పులుస్తుందట. కాలనీలో అందరూ అదే చేస్తారట. నాకు తప్ప అందరికీ తెలుసట. నేను అరిచాను. సిద్ధాంతం ఏమయింది, నా పరువేమయింది అన్నాను. ప్రసూన అరవలేదు. నెలకి యాభై రూపాయలు మిగిలాయనీ, నా కరపత్రాలకి కాగితాలు, పోస్టు ఖర్చులు ఆ యాభైలోంచే ఇస్తూ వచ్చాననీ చెప్పింది. సంయుక్త పుస్తకం మూసి లోపలి గదిలోకి వెళ్లింది.

పేదవాడి కంచంలోంచి తీసుకుని తింటున్న ప్రతి ఒక్కరూ. ఆదివారానికి ఆరు.

అక్టోబర్ 14, బుధవారం

సెలవు పెట్టి లింగమ్మ ఇంటికి వెళ్లాను. ఉమ్దానగర్ స్టేషన్ దారిలో, కిరాయి గది. మొగుడు కుర్మయ్య మేస్త్రీ దగ్గర కూలీ. నలుగురు మనుషులు, కార్డు మీద ఇరవై కిలోలు.

ఎందుకు అమ్ముతున్నావని అడిగాను. అడగడానికి నేనెవర్ని? కానీ చెప్పింది. ఇరవై కిలోలకి డీలరుకి డెబ్బై కట్టాలి. పది కిలోలు మాకు ఇస్తే అరవై వస్తుంది. అంటే ఇంట్లో తినే పది కిలోలు పది రూపాయలకే పడతాయి. రాత్రిళ్లు జొన్నరొట్టె, ఆ జొన్నలు కోతలకి పోతే కూలి కింద వస్తాయి. ఇంత చక్కటి బడ్జెట్ ఢిల్లీలో కూడా ఎవరూ వేయలేదు. ఇప్పుడు కార్డు లేదు. ఆ పది కిలోలూ బజార్లో నూట పది.

చివరికి లింగమ్మ అంది: "నీ కాయితం మంచిగున్నదంట సారూ. అందరు సదివిండ్రు. బుచ్చయ్య గూడ సదివిండు."

అక్టోబర్ 17, శనివారం

మూడు పేజీలు రాశాను. బియ్యం కొన్నది నేనే. ఆమెకి అమ్ముకోవలసిన గతి పట్టించింది ఈ వ్యవస్థ, ఆ గతిని ఆసరా చేసుకుని యాభై రూపాయలు మిగుల్చుకున్నది నా కుటుంబం. శిక్ష ఏదైనా నాకు వేయండి, ఆమె కార్డు ఆమెకి ఇవ్వండి. ఉద్యోగం పోతే పోనీ. ఇంత నిజాయితీగా ఎప్పుడూ రాయలేదు. రెండుసార్లు చదువుకున్నాను. మనసు తేలికపడింది.

అక్టోబర్ 22, గురువారం

ఎమ్మార్వో మూడు పేజీలూ ఓపికగా చదివాడు. నాకంటే పదేళ్లు చిన్నవాడు. చదివి, మడిచి, నా చేతిలోనే పెట్టాడు.

ఇది తీసుకుంటే ఆమె అమ్మిందని చెప్పే మొదటి సాక్షిని నేనవుతానన్నాడు. ఇప్పటిదాకా ఉన్నది డీలరు నోటిమాట ఒక్కటే. చదువుకున్నవాడు, గవర్నమెంటు ఉద్యోగి, సంతకం పెట్టి నేను కొన్నాను అంటే ఇంక ఆ కార్డు జన్మలో రాదన్నాడు. నాకేమవుతుందని అడిగాను. బహుశా ఏమీ కాదన్నాడు.

మరి దారేమిటంటే, తొమ్మిది కార్డులూ నా పిటిషన్ మీద ఆగి ఉన్నాయట. బియ్యం బయటికి పోతోందని నేనే రాశాను. ఆ మాట ఫైల్లో ఉన్నంతకాలం ఎంక్వయిరీ మూసేది లేదు, కార్డులు ఇచ్చేది లేదు. విన్నమాట మీద రాశాను, ఇక్కడ ఎవరూ అమ్మడం గానీ కొనడం గానీ నేను ఎరగను, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను అని నాలుగు ముక్కలు రాసిస్తే మూసేస్తాడట.

బుచ్చయ్య సంగతేమిటన్నాను. అది కూడా దాంతోనే పోతుందన్నాడు.

అక్టోబర్ 27, మంగళవారం

రాయను. నలభై మూడు మంది సంతకాలున్నాయి. పద్నాలుగు బస్తాలు నా కళ్లతో చూశాను. కోర్టుకి వెళ్తాను. కలెక్టరుకి రాస్తాను.

అక్టోబర్ 28, బుధవారం

కోర్టు అంటే ఏడాది. ఏడాది అంటే లింగమ్మకి పన్నెండు నూటపదులు.

నవంబర్ 4, బుధవారం

ప్రసూన మా డబ్బాలోంచి ఐదు కిలోల సన్నబియ్యం తీసి లింగమ్మకిచ్చింది. ఈ నెల బడ్జెట్ నాలుగో తారీఖుకే తెగింది.

నవంబర్ 8, ఆదివారం

ఉప్మా. ఉల్లిపాయ లేదు.

లింగమ్మ గిన్నెలు తోముతుంటే పెరట్లోకి వెళ్లి అంతా చెప్పాను. మూడు పేజీల సంగతి, నాలుగు ముక్కల సంగతి. బుచ్చయ్య తప్పించుకుంటే రేపు నీ బియ్యమే మళ్లీ కాటేదాన్ పోతుంది, అప్పుడు నీకు ఇరవైకి పద్దెనిమిదే తూస్తాడు అన్నాను. కార్డున్నప్పుడు కూడా పద్దెనిమిదే తూసేవాడంది. వాడి మీద పోరాడేవాళ్లు లేకపోతే ఎలా అన్నాను. చాలాసేపు వాదించాను. నా వాదన తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు.

ఆమె చేతులు కడుక్కుని లేచింది.

"నిజం రాస్తె నీకు మంచిగుంటది సారూ. నాకు బియ్యం గావాలె. అబద్ధం రాయి."

నవంబర్ 10, మంగళవారం, ఉదయం 11

రాసిచ్చాను. నాలుగు ముక్కలు కూడా కాదు, మూడే పట్టాయి.

బుచ్చయ్య ఎమ్మార్వో ఆఫీసులోనే ఉన్నాడు. కుర్చీ జరిపి నన్ను కూర్చోబెట్టాడు, టీ చెప్పాడు. పెద్దమనుషులకి కోపం వస్తుంది, పోతుంది అన్నాడు గుమాస్తాతో. టీ తాగాను. తాగకపోతే అనుమానం వస్తుందని నాకు నేను చెప్పుకున్నాను.

నవంబర్ 14, శనివారం

సంఘం మీటింగు. వీరేందర్ ఒక్కడే వచ్చాడు, అదీ కూర్చోవడానికి కాదు. నేను రాసిచ్చిన కాగితాన్ని ఎమ్మార్వో ఆఫీసు గుమాస్తా అతని షాపులోనే జిరాక్స్ తీయించాడట. తెచ్చి నా ముందు పెట్టాడు. తను నలభై మూడు ఇళ్లు తిరిగినప్పుడు ఇది విన్నమాటేనని నాకు తెలియదా అని అడిగాడు. కారణం చెబితే లింగమ్మ పేరు చెప్పాలి. జిరాక్స్ షాపులో చెప్పిన మాట సాయంత్రానికి బుచ్చయ్య షాపులో ఉంటుంది.

"ఎంత ముట్టిందన్నా?" అన్నాడు.

ఇరవై ఏళ్లుగా అందరినీ నేను అడుగుతూ వచ్చిన ప్రశ్న. అడిగినప్పుడల్లా అవతలివాడు తల దించుకుంటే దొంగ అనుకునేవాణ్ని. తల దించుకున్నాను. వీరేందర్ వెళ్లిపోయాడు.

నవంబర్ 27, శుక్రవారం

తొమ్మిది కార్డులూ వచ్చేశాయి. లింగమ్మ చెప్పలేదు. ప్రసూనకి పక్కింటావిడ చెప్పింది. పక్కింటావిడకి తెలిసిందంటే బియ్యం వాళ్లకి కూడా వస్తోందన్నమాట.

నవంబర్ 29, ఆదివారం

ఇంక ఆ బియ్యం మన ఇంట్లోకి రాకూడదని ప్రసూనతో అన్నాను. అది నీతి. ప్రసూన అడిగింది, కొనకపోతే లింగమ్మ డెబ్బై ఎలా కడుతుంది, పక్కింటివాళ్లు నెల నెలా కొంటారన్న నమ్మకమేమిటి అని. నా నీతికి అరవై రూపాయలు ఖర్చు, అదీ నేను పెట్టేది కాదు. ఏ వైపు నుంచి ఆలోచించినా ఎవరో ఒకరి కంచం అడ్డమొస్తోంది. కరపత్రానికి కాగితం తీశాను. శీర్షిక దగ్గరే ఆగిపోయాను.

డిసెంబర్ 13, ఆదివారం, ఉదయం 8

లింగమ్మ సంచి తెచ్చి దింపింది. ఇక నుంచి కిలో ఏడు అంది. గిన్ని దినాలు పరేషాన్ అయినం గద అంది. ప్రసూన నా వైపు చూసింది. డెబ్బై ఇచ్చాను.

తూచుకోమంది. నేనే తూచాను. పది కిలోల మీద వంద గ్రాములు ఎక్కువ వచ్చింది. దోసిలితో తీసి ఆమె సంచిలో పోయబోయాను.

"ఉండనియ్యి సారూ," అంది.

ఉంచుకున్నాను.