పాచి నాకే చేపలు పంపు

తమ్ముడు సాయన్నకు అమరచింత నుంచి అక్క నాగేంద్రమ్మ రాసేది. వేళకింత తింటున్నాము, దిగులు పడకు.

నా పెద్దబిడ్డ జములమ్మ కాలు జారి మునిగి ప్రాణం పోయిన బావి మెట్ల మీద పాచి ఇంకా అట్లనే ఉన్నది. పాచి తినే చేపలు తెమ్మని మరిది కురుమూర్తికి మొత్తుకుంటే కొర్రమట్టను తెచ్చి వదిలినాడు. "ఇది కప్పలను మింగేది, పాచి ముడుతదా?" అంటే, "ఏ చేపయితేంది వదినె, అన్నీ నీళ్లల్లనే ఉంటయి గద!" అన్నాడు. వీళ్లతో విసిగిపోయినాను. చిన్నది భాగ్యలక్ష్మి ఇప్పుడు ఆ మెట్ల మీదనే కడవ ముంచుతున్నది. మీ రాజోలి ఏటిలో రాళ్లు నాకుతుండే చేపలు, మూతి కిందికి ఉన్నవి, కుండలో వేసి తెచ్చియ్యి.

అమ్మకు దగ్గు తగ్గిందా? పిల్లలు చల్లగా ఉండాలె. చేపలకు వాళ్లను పంపకు, నువ్వే దిగు. రాయి చూసి కాలు పెట్టు నాయనా.