మేళ్లచెరువు, ఏప్రిల్ 26

1993 ఏప్రిల్ 22, గురువారం. కోదాడ

మా అమ్మాయి లావణ్యకు రేపటితో పరీక్షలు అయిపోతాయి. సముద్రం చూడనివాళ్లు చేతులెత్తమంటే క్లాసులో తనొక్కతే ఎత్తిందట. నమ్మలేదు. అయినా తీసుకెళ్తానని ఒప్పుకున్నాను.

బస్టాండు దగ్గర శేషగిరిరావు కలిశాడు. మేళ్లచెరువు దగ్గర సున్నపురాయి క్వారీ కంట్రాక్టు అతనిదే. "సూర్యలంకలో మా బావమరిది గెస్ట్‌హౌస్ ఉందండీ. మీరు వెళ్లకపోతే గబ్బిలాలుంటాయి" అన్నాడు. తన ఫోన్ నంబరు రాసిన చీటీ నా జేబులో పెట్టాడు. తీసి తిరిగి ఇవ్వలేదు.

బస్సు, రైలు ఖర్చు నాదే. గది ఒక్కటే అతనిది. - ఇది ఎవరికి చెప్పుకుంటున్నానో తెలియదు.

ఏప్రిల్ 24, శనివారం. సూర్యలంక

కోదాడ నుంచి బెజవాడ బస్సు. అక్కడి నుంచి బాపట్లకు రైలు. ఆటో. సరుగుడు తోట దాటగానే సముద్రం.

లావణ్య తడి ఇసుక అంచున నిలబడి చూసింది. తర్వాత - "ఇది ఆగదా నాన్నా?"

పత్రికకు సెలవు చెప్పలేదు. మా విలేకరులకు సెలవంటూ ఉండదు. చెబితే ఆ నాలుగు రోజులకు ఇంకొకడిని పెడతారు, వాడు ఉండిపోతాడు. రోజూ సాయంత్రం డెస్కుకు ఫోన్ చేస్తే చాలు. ఎక్కడి నుంచి అని ఎవరూ అడగరు.

ఏప్రిల్ 25

సరళ అలలకు భయపడి వెనక్కి పరుగెత్తింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె పరుగెత్తడం చూడలేదు.

ఏప్రిల్ 26, సోమవారం

జరిగినది జరిగిన వరుసలో రాస్తాను.

సాయంత్రం అయిదింటికి బాపట్ల వచ్చి ఎస్టీడీ బూత్ నుంచి డెస్కుకు ఫోన్ చేశాను. మూర్తి ఎత్తాడు. "మేళ్లచెరువు క్వారీలో ఒకతను పోయాడటగా? మిగతా పత్రికలకు అప్పుడే వచ్చేసింది. మీరు స్పాట్‌కి వెళ్లారు కదా?"

"వెళ్లాను" అన్నాను.

ఆలోచించి అన్న మాట కాదు. నోటికి అలవాటైన మాట.

"పావుగంటలో చెప్పండి. పేజీ పోతోంది."

పోలీస్ స్టేషన్‌కు రెండుసార్లు కొట్టాను. లైను దొరకలేదు. జేబులో ఉన్నది చీటీ. శేషగిరిరావు మొదటి రింగుకే ఎత్తాడు. "తాగి ఉన్నాడండీ. ఎర్రజెండా పెట్టాం, ఈల వేశాం. వినకుండా లోపలికి దూరాడు. పేరా? బాల్యా. తండావాడు, మోతె దగ్గర..." ఆ వెంటనే, అదే గొంతుతో - "గదిలో ఫ్యాను తిరుగుతోందా? పాప ఎలా ఉంది?"

ఫ్యాను బాగానే తిరుగుతోందని చెప్పాను.

మూర్తికి చెప్పిన వార్త ఇది. *మేళ్లచెరువు, ఏప్రిల్ 26: ఇక్కడికి సమీపంలోని సున్నపురాయి క్వారీలో సోమవారం జరిగిన పేలుడులో బాల్యా అనే కార్మికుడు మరణించాడు. పేలుడుకు ముందు ఎర్రజెండా ఉంచి ఈల వేశారు. మద్యం మత్తులో ఉన్న బాల్యా హెచ్చరికను లెక్కచేయక లోపలికి వెళ్లాడు. అక్కడికక్కడే మృతి చెందాడు.*

'అని కంట్రాక్టరు తెలిపారు' - ఈ మూడు మాటలు పెట్టలేదు. మరిచిపోయి కాదు. పెడితే మూర్తి అడుగుతాడు: మీరు చూడలేదా?

బయటికి వస్తుంటే బూత్ ఆయన - "మేళ్లచెరువంటే ఎక్కడండీ?"

"హుజూర్‌నగర్ అవతల."

"మరి ఇక్కడికి సమీపంలో అన్నారేంటండీ?"

మెట్లు దిగాను. చెప్పుల్లో ఇసుక.

ఏప్రిల్ 27

బాపట్లకు నల్లగొండ పేజీ రాదు. నేను రాసింది నేను చూడలేను. లావణ్య గవ్వలు ఏరుతోంది.

ఏప్రిల్ 28, బుధవారం. కోదాడ

ఏజెంటు దగ్గర నిన్నటి పేపరు తీశాను. చెప్పింది చెప్పినట్టు వేశారు. పక్క పత్రికలో - 'రాయిలో పెట్టిన ఒక తూటా పేలకపోయినా లోపలికి పంపారని తోటి కార్మికుల ఆరోపణ.' ఆ పత్రిక విలేకరి కొత్తవాడు, చేరి ఏడాది కాలేదు. సైకిల్ మీద వెళ్లాడట.

మనం రాసిన నాలుగు వాక్యాల్లో మనం చూసినవి: సున్నా.

కొత్తగా చేరినవాళ్లకు ఎప్పుడూ నేనే చెబుతాను - వార్త మీద ఊరి పేరు పెట్టాలంటే ఆ ఊళ్లో కాలు పెట్టి ఉండాలి. నేనే కోదాడలో కుర్చీలో కూర్చుని ఎన్ని ఊళ్ల పేర్లు పెట్టానో లెక్క లేదు. అందరూ చేసేదే. ఇంతవరకు ఎవరూ వచ్చి అడగలేదు, అంతే.

మే 2, ఆదివారం

వచ్చారు.

బాల్యా భార్య మంగ్లి. వెంట బాల్యా అన్న లచ్చిరాం. పేపరు ముక్క మడిచి కొంగులో కట్టుకుంది. ఆమెకు చదువు రాదు. లేబర్ ఆఫీసు గుమస్తా చదివి వినిపించి, తాగి తన తప్పుతో పోయినవాడికి నష్టపరిహారం ఉండదు, పేపరులో కూడా అదే ఉంది కదా అన్నాడట.

తిడుతుందనుకున్నాను. సిద్ధంగానే కూర్చున్నాను.

"తాగడని నేనంటలేను సారు. పండగకు తాగుతడు. సోమారం పొద్దుగాల పనికాడ తాగడు. గా లొల్లి తర్వాత సూసుకుందం" అంది. "నాకొక్కటి జెప్పు. నువ్వు గాడ ఉన్నవ్ గద. పేపర్ల ఊరి పేరు గూడ ఏసిన్రంట. మేం పోయేసరికి బట్ట కప్పిన్రు. మొఖం సూడనియ్యలే. మాటేమన్న మాట్లాడిండా? నీళ్లేమన్న అడిగిండా?"

నేను అక్కడ లేనని చెప్పడానికి అదే సమయం. ఆమె మొహం చూశాను.

"లేదమ్మా. ఏమీ తెలియకుండానే పోయాడు."

కొంగుతో కళ్లు తుడుచుకుంది. "గది సాలు" అంది. సరళ ఇచ్చిన మంచినీళ్లు అప్పుడు తాగింది.

లచ్చిరాం లేచి - "అయితే సాక్షివి నువ్వే సారు. ఆఫీసుల నీ పేరే రాయిస్తం. తాగిండన్నది నీకెవరో జెప్పి ఉంటరు, మిగతాది కండ్లార సూసినోడివి. పెద్దమనిషివి."

లావణ్య గవ్వల డబ్బా పట్టుకుని బయటికి వచ్చింది. లోపలికి పో అన్నాను. అంత గట్టిగా ఎప్పుడూ అనలేదు.

మే 3

మొదటి అబద్ధానికి కారణం డెస్కు తొందర అనుకున్నాను. రెండోదానికి తొందరేమీ లేదు. కుర్చీలో నిదానంగా కూర్చుని చెప్పాను.

మే 6, గురువారం

లేబర్ ఆఫీసు నుంచి కాగితం. మే 12, మిర్యాలగూడ, విచారణ. సాక్షిగా నా పేరు వాళ్లూ ఇచ్చారు, శేషగిరిరావూ ఇచ్చాడు. రెండు పక్షాలూ ఒకే సాక్షిని నమ్మడం నేనెప్పుడూ చూడలేదు.

అతనే ఇంటికి వచ్చాడు. కూర్చోలేదు. "కొత్తగా ఏమీ చెప్పక్కర్లేదండీ. రాసింది రాసినట్టు చెప్పండి చాలు. మీ రాత మీద మాకు నమ్మకం."

మే 8, శనివారం

మేళ్లచెరువు వెళ్లాను. పన్నెండు రోజులు ఆలస్యంగా.

క్వారీ గేటు దగ్గర రానివ్వలేదు. హోటల్లో సైదులు దొరికాడు - రాయికి బెజ్జాలు కొట్టే పని, బాల్యాతో జత. మొదట మాట్లాడనన్నాడు. తర్వాత టీ చల్లారిపోయేదాకా మాట్లాడాడు.

నోట్‌బుక్‌లో రాసుకున్నది:

ఆరు బెజ్జాల్లో తూటాలు పెట్టారు. అయిదు పేలాయి. పేలనిది ఉంటే అరగంట ఆగాలి. "అరగంట యాడిది సారు. లారీలు లైన్ల ఉన్నయి. మేస్త్రి ఉరుకుమన్నడు. బాల్యా నేను పోనన్నడు. పోకుంటే రేపటి నుంచి రాకన్నడు." జెండా తీసేశాకే పంపారు. తాగలేదు. పొద్దున గంజి తాగి వచ్చాడు.

తూటా కాళ్ల దగ్గర పేలింది. జీపు లేదు. ట్రాక్టరు వచ్చేదాకా, గంట పైనే, బతికి ఉన్నాడు.

ఇంకొకటి అడగాలి. అడిగాను.

"అడిగిండు సారు. రెండుమార్లు. నీళ్లు పొయ్యొద్దు, పోస్తే పోతడని మేస్త్రి పోయనియ్యలే."

ఇది నోట్‌బుక్‌లో రాసుకోలేదు. ఇక్కడ రాస్తున్నాను.

సైదులు సాక్ష్యానికి రాడు. "నాకు ముగ్గురు పిల్లలు. నువ్వు జెప్పు. నీ మాటకైతే ఇలువ ఉంటది."

మే 9, ఆదివారం

సరళకు మొత్తం చెప్పాను. ఎవరి గదిలో పడుకున్నామో ఆమెకు ఇప్పుడే తెలిసింది. దోస్తుదని చెప్పి తీసుకెళ్లాను.

"పాప అడిగిందని పోయినం అంటరు రేపు. అనకండి. అది సముద్రం అడిగింది, కంట్రాక్టరు ఇల్లు అడగలేదు" అంది. బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా.

చేట కింద పెట్టి - "చెప్తే పేపరోళ్లు ఉంచుతరా?"

"ఉంచరు."

"చెప్పకుంటే నువ్వుంటవా?"

నన్ను నువ్వు అనడం ఇదే మొదటిసారి.

మే 10

మూర్తికి ఫోన్. సవరణ వేయమన్నాను. కారణం అడిగాడు. చెప్పాను.

"సవరణ వేస్తే ఎందుకని పైవాళ్లు అడుగుతారు. అక్కడ లేరని చెప్పాక మీ పేరు మీద వచ్చిన ఏ వార్త నిలుస్తుందండీ? ఇన్నేళ్లవి? విచారణలో ఏం చెప్పుకుంటారో మీ ఇష్టం. ఈ ఫోన్ నాకు రాలేదు."

మంచివాడే. నాకు సాయం చేస్తున్నాననుకుంటున్నాడు.

మే 11, మంగళవారం

తండాకు వెళ్లాను. మోతె దాకా బస్సు, అక్కడి నుంచి నడక. ఎండ.

మంగ్లి ఇంటి ముందు గొర్రెలకు తొట్టిలో నీళ్లు పోస్తోంది. లచ్చిరాం మంచం వాల్చి "కూసో సారు" అన్నాడు. కూర్చోలేదు. నిలబడే చెప్పాను. ఆ రోజు మేళ్లచెరువులో లేను. సూర్యలంకలో ఉన్నాను, భార్యా బిడ్డతో. కంట్రాక్టరు ఇచ్చిన గదిలో. అతను చెప్పింది రాశాను. సైదులు చెప్పింది ఇది - జెండా, పేలని తూటా, మేస్త్రి మాట.

లచ్చిరాం మంచం పట్టె పట్టుకుని వంగాడు, కొడతాడేమో అనుకున్నాను. మంచం ఎత్తి గోడకు ఆనించాడు. కూర్చోవడానికి ఇక ఏమీ లేదు.

"సముద్రం కాడ ఉండి రాసినవా" అన్నాడు. "మావోడు గీడ సచ్చిండు. నువ్వు గాడ తానం జేసుకుంట రాసినవా. సదువుకున్నోడివి."

మంగ్లి కుండ కింద పెట్టింది. "మరి నీళ్లడగలేదన్నవ్?"

గంటసేపు నడిచి వస్తున్నప్పుడు ఈ ప్రశ్నకు జవాబే ఆలోచించాను. నిజమా, ఊరటా. ఊరట ఇచ్చే హక్కు నాకు లేదని తేల్చుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే అంత నమ్మకంగా లేదు.

"అడిగాడమ్మా. రెండుసార్లు. ఇయ్యలేదు."

ఆమె ఏడవలేదు. గొర్రెలు తాగుతున్న చప్పుడు.

"నా పిల్లలకు జెప్పిన నేను. మీ నాయనకు ఏం తెల్వలే, నిద్రలెక్క పోయిండని. పెద్ద సారు జెప్పిండని."

తర్వాత - "రేపు ఆఫీసుల గిదే జెప్తవా?"

"చెప్తాను."

"మొన్న గూడ గిట్లనే నిమ్మలంగ జెప్పినవ్" అంది.

ఈసారిది నిజమనడానికి నా దగ్గర రుజువు లేదు.

మే 12, బుధవారం. మిర్యాలగూడ

లేబర్ ఆఫీసు వరండా. పదకొండు దాటింది. అధికారి వచ్చాడు, ఫైళ్లు చూస్తున్నాడు. బెంచీ మీద రాస్తున్నాను.

మంగ్లి, లచ్చిరాం ఎదురు గోడకు ఆనుకుని కింద కూర్చున్నారు. పొద్దున పలకరించాను. పలకలేదు. వాళ్లకు ఇంకో సాక్షి లేడు. నేను అబద్ధమాడతానేమో అన్న భయంతో మధ్యమధ్య నన్నే చూస్తున్నారు. చూడక తప్పదు వాళ్లకు.

శేషగిరిరావు వచ్చాడు, వకీలుతో. తెల్లచొక్కా. నేను నిన్న తండాకు వెళ్లిన సంగతి తెలిసినట్టే ఉంది. నేరుగా నా పక్కన కూర్చున్నాడు. వరండా అంతా వినబడేట్టు -

"పాపకు సముద్రం బాగా నచ్చిందట కదండీ. వచ్చే వేసవికి కూడా గది ఉంచమని చెప్పాను."

వకీలు నవ్వాడు. లచ్చిరాం తల ఎత్తాడు. మంగ్లి ఎత్తలేదు.

లోపలికి వెళ్లాక మాట రావాలి. నోరు ఎండింది. మూలన కూజా ఉంది, లేచి వెళ్లలేను.

అటెండరు బయటికి వచ్చాడు. మంగ్లిని పిలిచాడు. ఆమె లేచి, కొంగు సర్దుకుని, నా ముందు నుంచే లోపలికి వెళ్లింది. తలుపు దగ్గరగా వేశారు. ఆమె గొంతు వినిపిస్తోంది, మాటలు తెలియడం లేదు.

తర్వాతి పేరు నాదే.