కడలూరులో చెప్పాలనుకున్నది

హోసూరు

నా బిడ్డ నేత్రకు,

ఫోన్లో అయితే మధ్యలో అడ్డుపడతావు. అందుకే కాగితం పట్టాను. ఆసాంతం చదివి ఆ తర్వాత తిట్టు.

నువ్వు పంపిన రంగుల కరపత్రం చూశాను. ‘కడలూరు, ప్రశాంతమైన తీర నగరం’ అట. ఎవరికి ప్రశాంతం? అసలు అది ఒక ఊరేనా? మంజకుప్పంలో తెల్లవాడు వేసిపోయిన వెడల్పు రోడ్లు, ఆఫీసులు, చెట్ల నీడ. తిరుప్పాపులియూరులో గుడి, బజారు. దక్షిణాన పాత ఊరు, రేవు, ఎండుచేపలు. ఇంకా కిందికి పోతే రసాయనాల ఫ్యాక్టరీలు, వాటి పక్కన పేదల పల్లెలు. ఆఫీసరుకు నీడ, వ్యాపారికి బజారు, బెస్తవాడికి కంపు. సముద్రపు గాలిని కూడా వాటాలు వేసి పంచారు. దీన్ని ప్రశాంతత అని రాసినవాణ్ణి నెల రోజులు ఆ పల్లెల్లో కాపురం పెట్టమను.

వచ్చే నెల మొదటి ఆదివారం ఆ రేవు దగ్గరే కాలుష్యం మీద సభ. నన్ను మాట్లాడమన్నారు. అక్కడ ఒక మాట చెప్పాలనుకుంటున్నాను. అది ముందు నీకు చెప్పాలి.

నేను బండి సామాన్లకు క్రోమ్ పూత వేసే ఫ్యాక్టరీలో పదకొండేళ్ళు పనిచేశానని నీకు తెలుసు. అక్కడ నా పని ఏమిటో తెలియదు. పూత తొట్టెల్లో మిగిలిన పసుపు నీళ్ళను శుద్ధి చేసే యంత్రం ఒకటి ఉండేది. తనిఖీ రోజున మాత్రమే అది తిరిగేది. మిగతా రోజుల నీళ్ళు ట్యాంకులో నిలవ చేసి వాన కోసం కాచుకునేవాళ్ళం. ఏ రైతూ అంత ఆశగా మబ్బును చూసి ఉండడు. వాన గట్టిగా పట్టగానే సూపర్‌వైజరు, “ఇంకేం గోవిందప్పా, దేవుడే కడుగుతాండాడు, తిప్పు” అనేవాడు. వాల్వు తిప్పింది నేను. వాన కాలువలోంచి చెరువుకు, చెరువులోంచి దక్షిణ పెన్న ఏటికి, ఏట్లోంచి కెలవరపల్లి ఆనకట్టకు. ఆనకట్ట మీద తేలే నురగంతా ఎగువన ఉన్న బెంగళూరు పాపమేనని ఎన్ని వేదికలెక్కి అరిచానో నీకు తెలుసు. అది అబద్ధం కాదు. కానీ అందులో నా చెయ్యీ ఉంది.

ఆ దక్షిణ పెన్న పోయి కలిసేది మీ కడలూరు దగ్గరి సముద్రంలోనే. నా బిడ్డ అక్కడి ఆస్పత్రి ల్యాబులో జనం రక్తం పరీక్ష చేస్తోంది. ఆ జనం ముందు నిలబడి, మీ నీళ్ళలోకి విషం వదిలినవాణ్ణి నేనేనని చెప్పాలని ఉంది. నీ ఉద్యోగానికి మచ్చ అనుకుంటే చెప్పు, మానుకుంటాను.

మీ నాయన,
గోవిందప్ప

*

కడలూరు

నాయనా,

రెండుసార్లు చదివాను. నా ఉద్యోగం సంగతి వదిలెయ్యి.

ఒక్కసారైనా చూడని ఊరిని నాలుగు ముక్కలు చేశావు. నేను మంజకుప్పంలో పనిచేస్తాను, తిరుప్పాపులియూరులో అద్దెకుంటాను, ఆదివారం చేపలకు పాత ఊరికి పోతాను. ఇదంతా ఒకే బస్సు. నువ్వు చెప్పిన నీడలో ఊడ్చేవాళ్ళు పాత ఊరినుంచే వస్తారు. నా పక్క కుర్చీలో పనిచేసే దేవనాంపట్టినం బెస్తపల్లె ఆమె తల్లిని సునామీ తీసుకుపోయింది. రోజూ మమ్మల్ని నవ్వించేది ఆమే. నువ్వు వస్తున్నావని రేవులో చేపలమ్మే ఆమెతో అంటే ఏమందో తెలుసా? “వస్తే చేపలు కొనమను. మమ్మల్ని చూసి ఏడ్చిపోయేవాళ్ళు శానామంది ఉండారు.”

ఇంకో మాట. ఆ ఏరు ఇక్కడికి రావాలంటే మూడు వందల కిలోమీటర్లకు పైనే. మధ్యలో కృష్ణగిరిలో ఒక ఆనకట్ట, సాత్తనూరులో ఇంకొకటి. వేసవిలో ఇక్కడ ఏట్లో ఇసుకే. ఇక్కడి విషం ఇక్కడిదే, దానిమీద ఇక్కడివాళ్ళే కొట్లాడుతున్నారు. నువ్వు వదిలింది కడలూరు దాకా రాలేదు నాయనా. అది మీ దగ్గర్లోనే దిగిపోయింది.

నేను పదో తరగతిలో ఉండగా అంగాళమ్మత్త దగ్గర పాలు మాన్పించావు, గుర్తుందా? ఆమె కెలవరపల్లి నుంచి షేర్ ఆటోలో క్యాను పెట్టుకొని వచ్చేది. “నేత్రకు పాలు పడడంలేదక్కా” అన్నావు. నాకేం పడలేదో నాకే తెలియదు. మర్నాడు ఆమె నన్ను గేటు దగ్గర ఆపి అడిగింది. “నేనేమన్నా నీళ్ళు కలిపినానా పాపా? లేకుంటే మా ఇంటి పాలంటే మీ నాయనకు...” అని ఆగిపోయింది. నువ్వు కులం తప్పని కరపత్రం రాసినప్పుడల్లా ఆ ఆగిపోయిన మాటే నాకు గుర్తొచ్చేది. తొమ్మిదేళ్ళు నిన్ను అనుమానించాను.

ఇప్పుడు తెలిసింది. ఆనకట్ట కింద ఆమె ఆవులు తాగే కాలువలో ఏముందో నీకు తెలుసు. నీ బిడ్డను తప్పించావు. ఆమెకు చెప్పలేదు. వీధిలో వాళ్ళకూ చెప్పలేదు. ఆమె వాళ్ళకు ఇప్పటికీ పోస్తోంది.

కడలూరులో చెబితే చప్పట్లు కొడతారు. కెలవరపల్లికి ఆటోలో ఇరవై నిమిషాలు, అక్కడ ఎవరూ కొట్టరు. ముందు అక్కడికి పో. పోకుండా ఇక్కడ వేదిక ఎక్కితే, ముందు వరసలోంచి లేచి ఈ పాల సంగతి నేనే చెబుతాను.

నేత్ర

*

హోసూరు

నేత్రమ్మా,

సభకు రానని చెప్పేశాను. నీకు మొదట నాలుగు పేజీల జవాబు రాశాను. చాలా తెలివిగా వచ్చింది. చించేశాను.

ఈ రోజు పొద్దున పోయాను. అంగాళమ్మక్క కొట్టంలో పేడ తీస్తోంది. కూర్చోమంది. నిలబడే చెప్పాను. వాల్వు, వాన, కాలువ, నీకు పాలు పడలేదన్న అబద్ధం. ఆమె పేడ గంప కింద పెట్టింది.

“రెండావులు కడుపులు పోగొట్టుకున్యాయి గోవిందప్పా. పక్కింటామె దిష్టి అనుకొని ఆమెతో మాట్లాడేది మానుకున్యాను. అది ఈ నీళ్ళతోనేనా?”

“తెలీదక్కా” అన్నాను. వేదికల మీద ఒక్కసారి కూడా అనని మాట అది.

“నీకు తెలిసిన పొద్దే చెప్పింటే వాటిని కాలవకు తోలుతానా నేను? బోరు నీళ్ళు మోసి పోసింటా గదప్పా.”

క్షమించమన్నాను.

“అది తర్వాత చూస్తాం. సోమారం కిష్ణగిరిలో కలెక్టరు అర్జీలు తీసుకుంటాడంట గదా. నేనూ వస్తా. ఈడ చెప్పింది ఆడ చెప్పు. నీళ్ళు కలపగాకు.”

లోపలికి పోయి లోటాతో పాలు తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను ఆ లోటాను చూస్తూ ఉండిపోయాను.

“తాగప్పా. వీధంతా తాగుతాండారు.”

తాగాను.

అంతలో బయట ఆటో హారన్ కొట్టింది. నింపి పెట్టిన క్యాను గడప దగ్గరే ఉంది. అక్క దాన్ని చూసింది, నన్ను చూసింది. “ఈ పొద్దు పాలు లేవని నువ్వే పోయి చెప్పు” అంది. పోయి చెప్పాను. ఎందుకు లేవని డ్రైవరు అడిగాడు.

ఆటోలో అప్పటికే నలుగురు కూర్చుని ఉన్నారు. వాళ్ళు వింటుండగానే చెప్పాను.

నీ నాయన,
గోవిందప్ప