మీసం తీసేశాను

నా ఒంటికి భయమేం లేదు, దిగులు పడకు. నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి కొట్టే మిషనుకి ముందు ముక్కు మాస్కు ఇచ్చారు. నేను నోరు తెరిచి పడుకునేవాణ్ణాయె, గాలంతా నోట్లోంచే పోయింది. గళ్ళ తువ్వాలుతో దవడ కట్టుకుని పడుకుంటే పక్కింటాయన చూసి, "ఇంకా పోలేదుగా, అప్పుడే కట్టేశారేం?" అన్నాడు. ఇప్పుడు ముక్కూ నోరూ కలిపి మూసేది దొరికింది. మీసం సందున గాలి పోతోందంటే మీసం తీసేశాను. సుఖంగా ఉంది, గురక లేదు.

నా ఊపిరికి కాపలా కాయలేనని మీ చెల్లెలింటికి పోయావు. ఇక కాయక్కర్లేదు. మిషను గాలిస్తుంది గానీ, మోచేత్తో పొడిచి "ఇటు తిరుగు" అనదు. చొక్కా గుండీ ఊడింది, సూదీదారం ఎక్కడ పెట్టావు? మీ చెల్లెలికి నా దీవెనలు. ఏ బస్సుకి వస్తావో రాయి. మీసం లేని మొహం పోల్చుకోలేవు, ఆ గళ్ళ తువ్వాలే భుజాన వేసుకుని నిలబడతాను.