రెండు సీసాల నీళ్ళు

చిరంజీవి బుంగమూతికి తాత దీవెనలు.

ఈ సీసా మూతలు ఎవడు బిగించాడే? పళ్ళతో తిప్పబోతే పళ్ళసెట్టు ఊడి చేతికొచ్చింది. మీ అమ్మమ్మ ఒక్క తిప్పుతో తీసి, నావంక ఓ చూపు చూసింది. ఆసుపత్రి వెనక మురుగుకాలవ మీద నువ్వు పెట్టించిన మిషను గురగురమంటోంది. లోపలికి పోయే నీళ్ళు ఎర్రమూత సీసాలో, బయటికొచ్చేవి నీలంమూత సీసాలో పట్టి పంపమన్నావు. పంపుతాలే. ఇంతకీ ఆ మురుగులో ఏం పారేసుకున్నావు?

ఇట్లు,
బోసినోటి తాత

తా.క.: అమ్మమ్మ కాలి పుండు ఇంకా మానలేదు. నోరు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది.

* * *

తాతయ్యకి నమస్కారాలు.

ఏమీ పారేసుకోలేదు. ఆసుపత్రిలో వాడే యాంటీబయాటిక్ మందులు ఆ మురుగులో కలుస్తాయి. అందులో పెరిగే క్రిములు మందుకి అలవాటుపడి మొండికేస్తాయి. తర్వాత మనకి జబ్బుచేస్తే అదే మందు పనిచేయదు. అమ్మమ్మ పుండుకి మందులు మార్చి మార్చి చూస్తున్నది అలాంటి క్రిముల వల్లే. నా మిషను నీళ్ళలోకి ఓజోన్ అనే వాయువు వదిలి మందుని ముక్కలు చేసేస్తుంది. ఈ రెండు సీసాలకీ తేడా కనిపిస్తేనే మిషను అక్కడ ఉంచుతారు. జాగ్రత్త!

నీ మనవరాలు

తా.క.: మూతలు బిగించింది నేనే.

* * *

ఉక్కుచేతుల మనవరాలికి,

అంటే కాలవలో మందు ఊరికే పారుతోందన్నమాట! దాన్ని ముక్కలు చేస్తావేంటే పిచ్చిమొహమా? ఈ సంగతి వీధి చివర దర్జీకి చెప్పాను. దగ్గు తగ్గుతుందని చెంబు పట్టుకుని బయల్దేరాడు. మీ అమ్మమ్మ కుంటుకుంటూ వెళ్ళి అడ్డుపడకపోతే తాగేసేవాడే. సీసాలు పంపుతున్నాను.

ఇట్లు,
మీ వీధి వైద్యుడు

తా.క.: దర్జీ నాతో మాట్లాడటం మానేశాడు. నా ప్యాంటు వాడి దగ్గరే ఉండిపోయింది.

* * *

తాతయ్యా,

సీసాలు పరీక్షించాం. రెండింట్లోనూ మందు ఆనవాలే లేదు. "లోపలికెళ్ళే నీళ్ళలోనే మందు లేనప్పుడు ఇక్కడ మిషనెందుకమ్మా?" అన్నారు మా ఆఫీసరు. ఇంకోసారి నీళ్ళు తెప్పిద్దామా అని కూడా అడిగారు. పట్టింది మా తాతయ్య, పొరపాటు ఉండదన్నాను. ఈ ఉత్తరం అందేసరికి మిషను లారీ ఎక్కేస్తుంది. నా చదువే ఎక్కడో తప్పినట్టుంది. అమ్మమ్మకి చెప్పకు.

నీ మనవరాలు

తా.క.: ఈ ఒక్కసారికీ నవ్వకు తాతయ్యా.

* * *

బంగారుతల్లీ,

నవ్వలేదు. లారీ వచ్చి పోయింది. కాలవ గట్టున నాలుగు బోల్టులు మిగిలాయి. ఆ గురగుర లేకపోయేసరికి మధ్యాహ్నం కునుకు కూడా పట్టడంలేదు. ఇవాళ అమ్మమ్మకి మళ్ళీ మందు మార్చారు. కట్టు విప్పుతుంటే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను తలెత్తి దాని మొహం చూడలేకపోయాను.

నీ చదువు తప్పలేదమ్మా. మీ ఆఫీసరు దగ్గరికి నేనే వస్తాను. నిలబెట్టి తిట్టమను. ఆ మిషను తిరిగొస్తే చాలు.

ఇట్లు,
నీకు మొహం చూపించలేని తాత

తా.క.: నేను కాలవ దగ్గరికి వెళ్ళనేలేదు. రెండు సీసాల్లోనూ మనింటి బిందెలో మంచినీళ్ళే పట్టాను. ఎర్రమూత సీసాలో రంగుకోసం చెంచాడు పూలకుండీ మట్టి కలిపాను. చిన్నప్పుడు నేనెక్కడ దాక్కున్నా ఇట్టే పట్టేసేదానివి. ఇదీ పట్టేస్తావనుకున్నాను.